ఆన్‌లైన్ కోర్సు ఎంచుకోవడం నుంచి పరీక్ష రాసేదాకా: బెంగళూరు తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వీధుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎన్ని ఉన్నాయో, ఫోన్ తెరిస్తే ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనలు అంతకు పదింతలు కనిపిస్తాయి. లైవ్ క్లాసులు, మెంటరు, మాక్ ఇంటర్వ్యూలు అంటూ అన్నీ మొదట్లో ఏమిస్తారో ఊరిస్తూ చెప్తాయి. మీరు అడగాల్సింది చివర్లో ఏముందని. కోర్సు ముగిసిన రోజున మీ చేతికి వచ్చేది సెంటర్లో కూర్చుని రాసిన పరీక్ష మార్కులా, సొంతంగా కట్టిన ప్రాజెక్టా, యూనివర్సిటీ డిగ్రీయా, లేక వీడియోలన్నీ ఆడించినందుకు ఇచ్చిన పీడీఎఫ్ కాగితమా? ఇది తేల్చుకుంటే ప్లాట్‌ఫామ్ ఎంపిక సగం అయిపోయినట్టే.

మొదటి అడుగు: అవసరాన్ని ఒక వాక్యంలో రాయడం

"డేటా సైన్స్ నేర్చుకోవాలి" అన్నది కోరిక. "ఇప్పుడు సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నాను, ఆరు నెలల్లో అనలిస్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లాలి" అన్నది అవసరం. రెండో రకం వాక్యం రాసుకున్నాక నౌకరీలోనో లింక్డిన్‌లోనో ఆ ఉద్యోగానికి బెంగళూరు ప్రకటనలు ఇరవై తెరవండి. ఒక్కోదానిలో అడిగిన నైపుణ్యాలను కాగితం మీద గీతలు పెడుతూ లెక్కించండి. ఎస్‌క్యూఎల్‌కు (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) పదహారు గీతలు, ఎక్సెల్‌కు పన్నెండు, డీప్ లెర్నింగ్‌కు రెండు వచ్చాయనుకోండి. డీప్ లెర్నింగ్ ప్యాకేజీ అమ్మే కౌన్సెలర్‌కు ఏం చెప్పాలో ఆ కాగితమే చెప్తుంది. ఎక్కువ గీతలు పడ్డ మొదటి రెండు మూడింటితో మొదలుపెట్టండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

రెండో అడుగు: ఏ అవసరానికి ఏ ప్లాట్‌ఫామ్

కాలేజీలో ఉండి క్రెడిట్లు (డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు) కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం, అందులోని ఎన్‌పీటెల్ కోర్సులు చూడండి. ఎన్‌పీటెల్‌ను 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టాయి. ఇంజినీరింగ్, సైన్స్ కోర్సులు దీనివే ఎక్కువ. స్వయంలో మేనేజ్‌మెంట్ కోర్సుల బాధ్యత బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం బెంగళూరుది. వీడియోలు, అసైన్‌మెంట్లు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. ఎన్‌పీటెల్‌లో ఇది ఇటీవలి సెమిస్టర్లలో ఒక్కో కోర్సుకు రూ. 1000. నాలుగు వారాల కోర్సుకు 1 క్రెడిట్, ఎనిమిది వారాలకు 2, పన్నెండు వారాలకు 3. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవొచ్చు. అయితే ఏ కోర్సును ఏ సబ్జెక్టుకు బదులుగా ఒప్పుకోవాలన్నది మీ కాలేజీ చేతిలో ఉంటుంది. అందుకే ఎన్‌రోల్ అయ్యే ముందే మీ కాలేజీ ఎన్‌పీటెల్ కో-ఆర్డినేటర్ దగ్గరికెళ్లి కోర్సు పేరు, వారాల సంఖ్య చూపించి రాతపూర్వకంగా సరే అనిపించుకోండి. పరీక్ష పాసై వచ్చాక "ఇది మా లిస్టులో లేదు" అంటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఉద్యోగం చేస్తూ డిగ్రీ కూడా కావాలనుకునేవాళ్లకు 2020లో మొదలైన ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ ప్రోగ్రామ్ ఉంది. జేఈఈ అక్కర్లేదు. చేరడానికి ముందు రాసే అర్హత పరీక్ష క్వాలిఫయర్‌కు నాలుగు వారాల పాఠాలు చదివి, అసైన్‌మెంట్లలో మార్కులు తెచ్చుకుని, సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. ఫౌండేషన్‌లో ఎనిమిది కోర్సులు, ఆపైన డిప్లొమా, బీఎస్సీ, బీఎస్. మధ్యలో ఆగినా అప్పటివరకు చదివినదానికి తగ్గ పట్టా చేతికొస్తుంది. క్విజ్‌లు, ఎండ్ టర్మ్ అన్నీ సెంటర్లోనే రాయాలి కాబట్టి ఆదివారం షిఫ్టులున్నవాళ్లు ముందే మేనేజర్‌తో మాట్లాడుకోవాలి. ఒక రెగ్యులర్ డిగ్రీ, ఒక ఆన్‌లైన్ డిగ్రీ ఒకేసారి చదవడానికి 2022లో యూజీసీ అనుమతిచ్చింది. అందుకని బీటెక్ చదివేవాళ్లు కూడా దీన్ని పక్కన పెట్టుకుంటున్నారు. మా సలహా మాత్రం బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లు వాటిని దాటాకే ఇటు రావాలని.

మరే యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీ అయినా ముందు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీకి, ఆ ప్రోగ్రామ్‌కు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో చూడండి. మూడూ సరిపోవాలి. అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లోనే స్పష్టం చేసింది. ఇంజినీరింగ్, లా, ఫార్మసీ, నర్సింగ్ వంటివి ఆన్‌లైన్ డిగ్రీగా ఇవ్వడానికి అనుమతి లేదు. "ఆన్‌లైన్ బీటెక్" అని ఎవరన్నా అంటే ఆ కాల్ అక్కడితో కట్ చేయొచ్చు.

నైపుణ్యం ఒక్కటే కావాలనుకుంటే దారులు చాలా ఉన్నాయి. వెబ్ డెవలప్‌మెంట్‌కు ఫ్రీకోడ్‌క్యాంప్ సర్టిఫికెట్‌తో సహా ఉచితం. కంప్యూటర్ సైన్స్ పునాదికి హార్వర్డ్ సీఎస్50 ఉంది. దాన్ని ఎడెక్స్ అనే కోర్సుల సైట్‌లో వెరిఫైడ్ సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టి చదవొచ్చు. హార్వర్డ్ సొంత పేజీలో చదివి, ప్రాబ్లెమ్ సెట్లు, ఫైనల్ ప్రాజెక్టు పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఉచితంగానే వస్తుంది. ఇన్ఫోసిస్ వాళ్ల స్ప్రింగ్‌బోర్డ్ కూడా ఉచితమే. కోర్సెరాలో నెలవారీ చందా కోర్సులెక్కువ. తొందరగా పూర్తిచేస్తే తక్కువ ఖర్చవుతుంది, సాగదీస్తే నెలనెలా తింటుంది. స్థోమత లేనివాళ్లు కోర్సు పేజీలోనే ఫైనాన్షియల్ ఎయిడ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. జవాబు రావడానికి రెండు వారాల పైన పట్టొచ్చు కాబట్టి చదవాలనుకున్న తేదీకి ముందే పెట్టండి. యుడెమీ ధరలు మన బట్టల షాపుల ఆషాఢం సేల్ లాంటివి. మూడు వేలని రాసి ఉన్న కోర్సు వారం తిరక్కుండా నాలుగైదు వందలకు వస్తుంది. పూర్తి ధరకు ఎప్పుడూ కొనకండి. చాలా కోర్సులకు ముప్పై రోజుల రిఫండ్ ఉంది, కానీ సగానికిపైగా చూసేసి అడిగితే నిరాకరించవచ్చు. అక్కడి సర్టిఫికెట్‌కు ఇంటర్వ్యూలో విలువ శూన్యమనే అనుకోండి. యుడెమీలో కొనాల్సింది పాఠాన్నే.

మూడో అడుగు: కోర్సు పేజీని చదవడం

అందరూ పరిచయం వీడియో చూసి చేరతారు. అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. నాలుగో వారం పాఠం తెరిచి చూడండి. ఎన్‌పీటెల్ పాత సెమిస్టర్ల వీడియోలన్నీ యూట్యూబ్‌లోనే ఉంటాయి. యుడెమీలో కొన్ని పాఠాలకు ప్రివ్యూ ఉంటుంది. నాలుగో వారం పాఠంలో పది నిమిషాలు విన్నాక సగమైనా అర్థమవుతుంటే మొదటి మూడు వారాలు మిమ్మల్ని అక్కడికి చేరుస్తాయి. ఒక్క ముక్క తలకెక్కకపోతే కోర్సుకు ముందు రావాల్సింది మీకింకా రాలేదని అర్థం. మెషీన్ లెర్నింగ్ కోర్సుల్లో మూడో వారం దగ్గర జనం రాలిపోవడానికి కారణం బద్ధకం అనుకుంటారు గానీ, చాలావరకు అది ఇంటర్‌లో వదిలేసిన మాత్రికలు, సంభావ్యతే. అలాంటప్పుడు ఖాన్ అకాడమీలో ఆ రెండు అధ్యాయాలు మూడు వారాలు చేసి రండి. ఆ మూడు వారాలూ వృథా పోవు.

తర్వాత చూడాల్సినవి త్వరగా అయిపోతాయి. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు? ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్కులు, క్లౌడ్ లాంటివైతే రెండేళ్లు దాటిన కోర్సు వద్దు. డేటా స్ట్రక్చర్లు, గణాంకశాస్త్రమైతే పదేళ్ల కిందటిదైనా పర్వాలేదు. రివ్యూల్లో ఐదు స్టార్లవి వదిలేసి మూడు స్టార్లవి చదవండి. నిజం చెప్పేది వాళ్లే. ప్రశ్నల విభాగంలో చివరి జవాబు ఎప్పుడు వచ్చిందో చూడండి. ఆరు నెలలుగా ఎవరూ పలకకపోతే మీ ఎర్రర్‌కూ ఎవరూ పలకరు. అసైన్‌మెంట్లు ఉన్నాయా, లేక వీడియోకొక ఐదు ప్రశ్నల క్విజ్ పెట్టి వదిలేశారా? మొత్తం ఇరవై నిమిషాల పని ఇది.

తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చాలా ఎన్‌పీటెల్ కోర్సుల పాఠాలకు తెలుగు ట్రాన్‌స్క్రిప్టులు ఉన్నాయి. అవి లేనిచోట ముందు ఇంగ్లిష్ ట్రాన్‌స్క్రిప్ట్ ఒకసారి చదివి, తర్వాత వీడియోను 0.75 వేగంలో క్యాప్షన్లతో వినండి. మూడు వారాలకు ప్రొఫెసర్ యాస అలవాటై వేగం దానంతటదే పెరుగుతుంది. నోట్సు తెలుగులో రాసుకోండి, సాంకేతిక పదాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఇంటర్వ్యూలో అవే పదాలు అడుగుతారు.

నాలుగో అడుగు: డబ్బు

ఇక్కడ తొందరపడకండి. లక్షన్నర, మూడు లక్షల కోర్సుల సేల్స్ కాల్స్ అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. తెలుగులోనే పలకరిస్తారు, మీ ఊరు అడుగుతారు, "మన జిల్లానే బ్రో" అంటారు. జీతం ఎంతో, ఎంత కావాలో మీ నోటితోనే చెప్పిస్తారు. ఒక చిన్న టెస్టు పెట్టి మీరు సెలెక్ట్ అయ్యారంటారు. స్కాలర్‌షిప్ సాయంత్రం నాలుగింటికల్లా పోతుందంటారు. ఆ గంటలోనే ఆధార్, పాన్, ఓటీపీ అడుగుతారు. ఆ ఓటీపీ సీటు కోసం అనుకుంటే పొరపాటు. చాలాసార్లు అది ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) దగ్గర మీ పేరున తీస్తున్న రుణానికి సంతకం. డబ్బు నేరుగా కంపెనీకి వెళ్తుంది, అప్పు మీకు మిగులుతుంది. కోర్సు నచ్చక మానేసినా, కంపెనీయే మూతపడినా ఈఎంఐ ఆగదు. ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు బండి లోనుకో ఇంటి లోనుకో అడ్డొస్తుంది.

"జీరో కాస్ట్ ఈఎంఐ" అన్నప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: మొత్తం ఒకేసారి కడితే ఎంత? ఈఎంఐలో నెలకు రూ. 7,500 చొప్పున 24 నెలలు, అంటే రూ. 1,80,000 అన్నారనుకుందాం. ఒకేసారి కడితే లక్షన్నరకే ఇస్తామన్నారు. అంటే ఆ ముప్పై వేలు వడ్డీయే. లెక్క వేస్తే అది ఏడాదికి సుమారు 18 శాతం. పర్సనల్ లోను కంటే తక్కువేం కాదు.

సంతకం పెట్టే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (రుణం వివరాల సారాంశ పత్రం) అడగండి. రిటైల్ రుణాలకు అది ఇవ్వాల్సిందేనని ఆర్‌బీఐ నిబంధన. అందులో ఏడాది వడ్డీ శాతం, ఛార్జీలు, అప్పు రద్దు చేసుకునే కూలింగ్ ఆఫ్ గడువు ఉంటాయి. ఆ గడువులోపు అసలు, అన్ని రోజులకు తగ్గ వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. తర్వాత ఈ నాలుగూ ఈమెయిల్‌లో రాయించుకోండి: రిఫండ్ ఎన్ని రోజుల్లో, ఎంత కోతతో ఇస్తారు, లైవ్ క్లాసులు ఎవరు చెప్తారు, సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది, "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అంటే ఏం జరిగితే డబ్బు వెనక్కిస్తారు. గ్యారంటీ అని నోటితో అంటారు, అగ్రిమెంట్‌లో "అసిస్టెన్స్" అని ఉంటుంది. ఫోన్లో చెప్పింది ఈమెయిల్‌లో రాయమంటే నసిగేవాళ్ల దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

మోసపోయాక దారి లేదనుకోకండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఢిల్లీలో ఉన్నా మీరు ఉండేచోటే, అంటే బెంగళూరులోనే కేసు వేయొచ్చు. కాల్ రికార్డులు, వాట్సాప్ చాట్లు, బ్రోచర్ స్క్రీన్‌షాట్లు మొదటి రోజు నుంచే దాచి ఉంచండి.

ఐదో అడుగు: పేరు సరిచూసుకోవడం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, మనవాళ్లకే ఎక్కువ తంటా తెస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. ప్లాట్‌ఫామేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెడుతుంది. సర్టిఫికెట్ మీద పడేది మీరు ఆ గడుల్లో ఏ వరుసలో టైప్ చేశారో అదే. క్రెడిట్లు కావాలంటే కాలేజీ రికార్డుల్లో ఉన్న పేరే ఇవ్వండి. పరీక్ష సెంటర్లో చూపించే గుర్తింపు కార్డులోని పేరూ దానికి దగ్గరగా ఉండాలి. పరీక్ష ఫారం గడువు ముగిశాక పేరు మార్చమని తిరగడం శుద్ధ దండగ. ఆ ఫారంలోనే పరీక్ష నగరాల ప్రాధాన్యం కూడా అడుగుతారు. సెలవులకు ఊరెళ్లే ఆలోచన ఉంటే తిరుపతా, బెంగళూరా అన్నది అప్పుడే తేల్చుకోండి.

ఆరో అడుగు: లాప్‌టాప్, నెట్

వీడియోలకు ఫోన్ చాలు. కోడింగ్‌కు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్ కావాలి, పాతదైనా పర్లేదు. ఎస్‌పీ రోడ్డులో రీఫర్బిష్డ్‌వి దొరుకుతాయి. కొనేచోటే బ్యాటరీ హెల్త్, కెమెరా, అన్ని యూఎస్‌బీ పోర్టులు పరీక్షించి, వారంటీ బిల్లు మీద రాయించుకోండి. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కోసం డబ్బు తగలేయకండి, నేర్చుకునే దశలో బ్రౌజర్‌లోనే కోడు నడిపే గూగుల్ కోల్యాబ్ సరిపోతుంది. 480పీలో గంట వీడియోకు సుమారు అర జీబీ డేటా పోతుంది. పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) వైఫై రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా అందరూ సినిమాలు, మ్యాచ్‌లు చూస్తుంటే నత్తనడకే. వారానికి సరిపడా పాఠాలు తెల్లవారుజామున డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఏడో అడుగు: వారం వారం చదవడం

ఒకేసారి ఒక్క కోర్సే. పన్నెండు వారాల ఎన్‌పీటెల్ కోర్సులో వారానికి రెండున్నర నుంచి మూడు గంటల వీడియో ఉంటుంది. అసైన్‌మెంట్, సొంతంగా చేసి చూడటం కలిపి వారానికి ఆరేడు గంటలు పెట్టుకోవాలి. ఆ గంటలు ఎక్కడినుంచి వస్తాయో ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి. సిల్క్ బోర్డ్ దగ్గర 500-డీ బస్సులో నిలబడి కొత్త పాఠం వింటానంటే బుర్రకు ఎక్కదు. బస్సులో నిన్నటి పాఠం మళ్లీ వినండి. కొత్త పాఠానికి పొద్దున్నే గంట, శనివారం మూడు గంటలు.

పాఠం ఎలా చూడాలో ఒక ఉదాహరణ. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ల మీద ముప్పై నిమిషాల వీడియో ఉందనుకోండి. మొదటిసారి ఆపకుండా చూడండి, ఏమీ రాయొద్దు. అయ్యాక వీడియో మూసేసి, గుర్తున్నంత మేరకు కాగితం మీద రెండు టేబుళ్లు గీసి, ఇన్నర్ జాయిన్ చేస్తే ఏ వరుసలు మిగులుతాయో, లెఫ్ట్ జాయిన్ చేస్తే ఎక్కడ నల్ వస్తుందో చేత్తో రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడికి మాత్రమే వీడియోను వెనక్కి తిప్పండి. ఆ తర్వాత లాప్‌టాప్‌లో వీడియోలోని డేటా వదిలేసి, మీ పీజీ రూముల జాబితా, అద్దె కట్టినవాళ్ల జాబితా లాంటి సొంత టేబుళ్లతో అదే క్వెరీ రాయండి. ముప్పై నిమిషాల వీడియోకు గంటన్నర పడుతుంది. అలా పట్టాలి కూడా. వీడియో చూస్తూ అదే కోడును పక్కన టైప్ చేస్తే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోబెడితే మొదటి లైనే రాదు.

ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్ గడువుకు ముందు ఎన్నిసార్లయినా మార్చి సబ్మిట్ చేయొచ్చు, చివరిసారి ఇచ్చిందే లెక్క. అందుకే వారం మధ్యలోనే ఒకసారి సబ్మిట్ చేసిపెట్టి, తర్వాత దిద్దుకోండి. గడువు రాత్రి పదకొండున్నరకు కరెంటు పోతే ఎవరూ కనికరించరు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో అసైన్‌మెంట్ జవాబులు తిరుగుతాయి. ఎత్తి రాసుకుంటే ఏమవుతుందో లెక్క చూడండి. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో మంచి ఎనిమిది అసైన్‌మెంట్లనే తీసుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే 25కు కనీసం 10, 75కు కనీసం 30 రెండూ విడివిడిగా రావాలి. కాపీ కొట్టి 25కు 25 తెచ్చుకుని, పరీక్షలో 29 దగ్గర ఆగితే మొత్తం 54. అయినా సర్టిఫికెట్ రాదు. అదే అసైన్‌మెంట్లు సొంతంగా చేసి 16 తెచ్చుకున్నవాళ్లు పరీక్షలో 44 తెచ్చుకుంటే మొత్తం 60కి చేరి ఎలైట్ అనే పై శ్రేణి సర్టిఫికెట్ అందుకుంటారు. 75 నుంచి సిల్వర్, 90 నుంచి గోల్డ్.

పీజీలో ఇద్దరు ముగ్గురు అదే కోర్సు చేస్తుంటే ఆదివారం సాయంత్రం ఒక్కొక్కరు ఒక్కో పాఠం మిగతావాళ్లకు తెలుగులో చెప్పండి. నోరు తెరిచి చెప్పేటప్పుడే ఎక్కడ అర్థం కాలేదో బయటపడుతుంది. రూములో గోలగా ఉంటే కబ్బన్ పార్కులోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది.

ఎనిమిదో అడుగు: పరీక్ష, ఆ తర్వాత

పరీక్షకు మూడు వారాల ముందు కొత్త వీడియోలు చూడటం తగ్గించి, అన్ని వారాల అసైన్‌మెంట్లూ జవాబులు చూడకుండా మళ్లీ చేయండి. తప్పు పోయినవి మాత్రమే ఒక పేజీలో రాసుకోండి. ఎన్‌పీటెల్ పరీక్ష మూడు గంటలు. హాల్ టికెట్ రాగానే సెంటర్ అడ్రసు మ్యాప్‌లో వెతికి, పరీక్ష రోజు పొద్దున మెట్రో ఎన్నింటికి మొదలవుతుందో చూసుకోండి. హాల్ టికెట్ ప్రింటు, గుర్తింపు కార్డు అసలుది దగ్గరుండాలి.

ఫలితాలొచ్చాక పీడీఎఫ్ దించుకుని, వెరిఫికేషన్ లింకుతో సహా లింక్డిన్‌లో పెట్టండి. ప్రాజెక్టు ఉంటే కోడు అందరికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి, ఏ సమస్యకు ఏం చేశారో, ఎక్కడ పనిచేయలేదో పది లైన్లలో రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు సర్టిఫికెట్‌ను దాటేసి నేరుగా అక్కడికే వస్తారు.

చివరగా చందా. కోర్సు అయిపోయినా కార్డు మీద, యూపీఐ ఆటోపే మీద మ్యాండేట్ (డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) బతికే ఉంటుంది. రూ. 15,000 లోపు మామూలు ఆటో డెబిట్లకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. ఒక రోజు ముందు మెసేజ్ వస్తుంది గానీ అది మిగతా బ్యాంకు మెసేజ్‌ల గుంపులో కలిసిపోతుంది. ప్లాట్‌ఫామ్‌లో సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేసి, ఆ తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోనూ, బ్యాంకు మ్యాండేట్ల పేజీలోనూ విడిగా చూడండి. ఏడు రోజుల ఉచిత ట్రయల్ తీసుకున్నప్పుడైతే చేరిన రోజే ఆరో రోజుకు ఫోన్లో అలారం పెట్టుకోండి.